సైటు చూసినవాళ్ళు ఏమన్నారంటే

థండర్ బే,
మంగళవారం

అమ్మా,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ మేమిద్దరం వేళకి తింటున్నాం, తిరుగుతున్నాం. సడ్‌బరీలో నువ్వూ, హెల్వి పెద్దమ్మా కులాసాగా ఉన్నారనుకుంటాను. పెద్దమ్మ కర్ర పట్టుకుని వంటింటి దాకా నడిచిందని రాశావు, ప్రాణం లేచొచ్చింది. విరిగిన తుంటి అతుక్కునేదాకా కుదురుగా కూర్చోమంటే వినే మనిషి కాదు, నా తరఫున కూడా నాలుగు కేకలెయ్యి.

నువ్వడిగినవన్నీ చెబుతాను. ఆవిరి స్నానాల సౌనా గది పొగగొట్టం బాగు చేయించాను. నాన్న బీపీ మాత్ర నా ఎదురుగానే మింగుతున్నాడు. ఆదివారం మన పన్నుకక్కు అట్టు కాలిస్తే, అడుగు మాడిందని వంకపెడుతూనే సగం పళ్ళెం లాగించాడు. "నేను ఫోన్ చేస్తే మీ నాన్న 'బాగున్నా, బాగున్నా' అని వెంటనే నీ చేతికిచ్చేస్తాడేం?" అని అడిగావు. అది కొంచెం ఆగి రాస్తాను. ముందు వెబ్‌సైటు కబుర్లు చెప్పనీ, అవి రాస్తే గానీ నాకు చెయ్యి ఆడదు.

మన సినిమా 'సరస్సు వైపు తలుపు'కి సైటు నేనే తయారుచేశానని నీకు తెలుసు కదా. చలికాలమంతా వంటింటి బల్ల మీద కూర్చుని, లైబ్రరీ పుస్తకం పక్కన పెట్టుకుని కట్టాను. నల్లటి నేపథ్యం, నీలం అక్షరాలు. తెరవగానే ఓడ కూత వినిపిస్తుంది, తెరంతా మంచు రాలుతుంది. ఆహా ఏం చేశాను అనుకుని మురిసిపోయాను. సొంతంగా సినిమాలు తీసుకునే నాలాంటివాళ్ళు కలుసుకునే చోటొకటి ఇంటర్నెట్‌లో ఉంది. చూసి నిజం చెప్పండి అని అక్కడ పెట్టాను. అక్కడొక ఆచారం ఉందమ్మా. ముందు ఇతరుల సైట్లు చూసి మన మాట చెప్పాలి. తర్వాత మన సైటుని ఎవరేమన్నా ఎదురు చెప్పకూడదు, 'ధన్యవాదాలు' అని మాత్రమే రాయాలి. వాదించినవాళ్ళ మొహం మళ్ళీ ఎవరూ చూడరు. నా నోటి సంగతి నీకు తెలుసు. ఎంత శిక్షో ఊహించుకో.

ఇక మొదలుపెట్టారు చూడు! "ఇది సినిమా సైటా, శవాలు సాగనంపే కంపెనీ సైటా?" అని ఒకడు. "ఆ కూతకి మా కుక్క మంచం కింద దూరింది, ఇంకా బయటికి రాలేదు" అని ఇంకొకావిడ. "సినిమా ఎక్కడ ఆడుతుందో, ఎప్పుడో ఎంత వెతికినా కనబడలేదు. ఎవరూ రాకూడదనే దాచావా తల్లీ?" అని మరొకాయన. నిజమే అమ్మా, మన ఊళ్ళో ఫిన్లాండ్‌వాళ్ళ హాల్లో ఏప్రిల్‌లో ఆడిస్తున్నామన్న ముక్క పెట్టడమే మర్చిపోయాను. ఒక్కొక్కటీ నాన్నకి చదివి వినిపించాను.

"ఏమే డైరెక్టరమ్మా, ఏడుస్తున్నావా?" అన్నాడు.

"కళ్ళు మండుతున్నాయి."

"మండుతాయి మరి, నల్లటి దాని మీద నీలం రాస్తే! నేనానాడే చెప్పాను, వింటేగా?"

ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. తిట్టినవాళ్ళు కూడా ఒక్కదాన్ని మాత్రం తెగ మెచ్చుకున్నారు. సైటులో మొదట కనబడే చిన్న వీడియో ముక్క అది. కాపలాదారు వేషంలో నాన్న, మూతపడ్డ ధాన్యం గోదాము తలుపు తీసి సరస్సు వైపు చూస్తాడు. తర్వాత చేతిలో ఉన్న తాళంచెవిని చూసుకుంటాడు. నోరు తెరుస్తాడు, మాట రాదు. "ఈ ముసలాయన్ని ఎక్కడ పట్టావు? ఇంత గొప్ప నటన ఎలా చేయించావు?" అని అందరూ ఒకటే అడగడం. నాన్న మీసం దువ్వుకున్నాడు.

ఆ మర్నాడు రోసలిండ్ అనే ఆవిడ రాసింది. విన్నిపెగ్‌లో వృద్ధాశ్రమంలో పనిచేస్తుందట, తీరిక దొరికినప్పుడు చిన్న సినిమాలు తీస్తుందట. "సైటు సంగతి అందరూ చెప్పారు, నేను వేరే మాట అడుగుతాను. ఆ పెద్దాయన నటిస్తున్నాడా? అలాంటి చూపు నేను రోజూ నా పనిలో చూస్తుంటాను. నటుడైతే నన్ను క్షమించు. నీవాడైతే, ఒకసారి పక్కన కూర్చుని మాట్లాడు."

నేను 'ధన్యవాదాలు' అని రాసి లేచి వెళ్ళిపోయాను. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

ఎందుకంటే అమ్మా, ఆ రోజు నాన్న అనాల్సిన మాట వేరే ఉంది. "ఈ తలుపు తీసిన చెయ్యి ఇదే" అనాలి. అనలేదు. కెమెరా పట్టిన నా స్నేహితుడు డెస్మండ్ "ఆపకు, ఆపకు, అద్భుతంగా చేస్తున్నాడు" అని నా చెవిలో గొణిగాడు. అయిపోయాక నాన్న మావైపు తిరిగి "ఇంతకీ ఇది ఏ తలుపు?" అన్నాడు. మేమంతా పగలబడి నవ్వాం. ఆయన వేళాకోళం నీకు తెలియనిదా? జీవితమంతా ఆ గోదాములో పనిచేసిన మనిషి, ఆ తలుపు తెలియకపోవడమేమిటి! తీసినవాటిలో అదే బాగుందని ఏరి మరీ సైటు నెత్తిన పెట్టాను.

మర్నాడు పొద్దున కాఫీ దగ్గర రోసలిండ్ రాసింది చదివి వినిపించి, ఆయన్నే అడిగాను. కప్పు బల్ల మీద పెట్టాడు.

"విన్నిపెగ్‌లో ఉన్నావిడ కనిపెట్టిందా?"

"ఊ."

"ఇంట్లో ఉన్నదానివి, నీకు కనబడలేదా?"

తల దించుకున్నాను. ఆయనే నా జుట్టు నిమిరి, "పోనీలే, నేనే దాచాను. మీ అమ్మకి మాత్రం చెప్పకు. చెబితే ఐలీ వాళ్ళక్కని వదిలేసి పరిగెత్తుకొస్తుంది" అన్నాడు. మాటిచ్చాను.

డాక్టరుకి చూపించాను అమ్మా. జలుబు చేసి ఆసుపత్రికి వెళ్ళామని నీకు ఫోన్లో చెప్పింది అబద్ధం. ఏవేవో బొమ్మలు గీయించారు, తల స్కానింగ్ చేశారు. మతిమరుపు జబ్బే, మొదట్లోనే ఉంది, మందులిస్తాం, తగ్గుతుందని మాత్రం అనుకోకండి అన్నారు. ఫోన్ నాకెందుకు ఇచ్చేస్తాడంటే, నువ్వు మాట్లాడుతుండగానే ముందు అన్నది జారిపోతోందట. నీ దగ్గర దొరికిపోతానని భయం.

ఆ వీడియో తీసేస్తానన్నాను. "ఎందుకే? అందులో నేను బాగున్నానుగా!" అని కసిరాడు. ఉంచేశాను. సైటు అడుగున, చూసినవాళ్ళు తమ మాట రాసే పెట్టె ఒకటి పెట్టాను. దాంట్లో ఒకరోజు నాన్న పేరుతో ఓ మాట వచ్చింది, ఒంటి వేలితో కొట్టుకున్నట్టున్నాడు. "ఇవాళే మొదటిసారి చూశాను. ముసలాడు బాగా చేశాడు. మా ఐలీకి చూపించాలి, ఎప్పుడొస్తుందో." ముచ్చటేసింది. మర్నాడూ వచ్చింది. ఇవాళే మొదటిసారి చూశాను అనే. ఆ తర్వాత రోజూ అంతే. కాఫీ తాగగానే కంప్యూటర్ ముందు కూర్చుంటాడు, కొత్తగా చూస్తాడు, కొత్తగా సంతోషిస్తాడు, నువ్వెప్పుడొస్తావని అడుగుతాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తుంటాను. ఇంక నావల్ల కాదమ్మా. పెద్దమ్మ దగ్గర ఉండడానికి ఆవిడ కోడలు కిర్‌స్టీ వదిన ఒప్పుకుంది, నేనే ఫోన్ చేసి అడిగాను. శుక్రవారం బస్సెక్కి వచ్చెయ్యి.

నాన్నకిచ్చిన మాట తప్పాను. ఆ మాట కూడా ఆయన మర్చిపోయి ఉంటాడులే అని సిగ్గు లేకుండా ఆశపడ్డాను. మర్చిపోలేదు. ఇందాక బల్ల దగ్గరికొచ్చి, కవరు మీద నీ పేరు చూసి ఆగిపోయాడు.

"చెప్పేస్తున్నావా?"

తల ఊపాను. కోప్పడతాడనుకున్నాను.

"అయితే నా నీలం చొక్కా ఉతికి పెట్టు. బస్సు దగ్గరికి నేనూ వస్తాను" అన్నాడు.

ఉతికి ఆరేశాను.

ఇట్లు,
నీ కూతురు
కైయా