బండి కూత పెడితే లెక్కలు

ఏప్రిల్ 19, 1937

మళ్లీ అదే మాట. బేతంచెర్ల బడికి నాలుగు మైళ్లు, ఈ ఎండల్లో పిల్లలను ఎట్లా పంపేది అని ఈయన. నాపరాళ్ల గనిలో ఈయనకు మేస్త్రీ పని ఉన్నన్నాళ్లూ మా కాపురం ఈ రాళ్ల మధ్యే. సుబ్బుకు పది, లక్ష్మికి తొమ్మిది, చిన్నోడికి ఆరు. ముగ్గురూ రోజంతా తొండల వెంట తిరుగుతున్నారు. ఎనిమిదో తరగతి దాకా చదివినదాన్ని, నేనే చెప్తానన్నాను. జూన్‌లో పరీక్ష చేసి సుబ్బును నాలుగులో చేర్చుకుంటారట. రెండు నెలలు చాలవా?

ఏప్రిల్ 20

అత్త నవ్వింది. "సంగటి కెలుకుతా బడి చెప్తావా ఏమ్మే? మొగపిల్లోల్లకు చెప్పుకో. లక్ష్మిని నాకిడువు, దానికెందుకు చదువు?"

విడవను.

ఏప్రిల్ 21

ఇంట్లో గడియారం లేదు. రైలు బండ్లే దిక్కు. తెల్లవారి మొదటి బండికి పద్యాలు, చూచివ్రాత. గుంతకల్లు బండి కూత పెడితే లెక్కలు. నంద్యాల బండి వచ్చేదాకా అవే. తర్వాత అన్నం, నిద్ర. సాయంత్రం అత్త కథ. కాగితం మీద రాసి గోడకు అంటించాను. ఎంత ముద్దుగా ఉందో!

పలకలకు బదులు ఈయన అంచులు విరిగిన నాపరాళ్లు మూడు తెచ్చారు. సుద్దముక్కతో రాస్తే అక్షరం ముత్యంలా పడుతోంది. చిన్నోడు తన రాయిని ఎత్తలేడు. వాడే రాయి దగ్గరికి వెళ్తున్నాడు.

ఏప్రిల్ 24

నంద్యాల బండి ఎంతకీ రాలేదు. లెక్కలు సాగుతూనే ఉన్నాయి... సుబ్బు పట్టాల వైపు చూసి చూసి, "అమ్మా, బండి యాడన్నా పడిపోయిండాదేమో, పోయి చూసొస్తా" అన్నాడు. నవ్వు ఆగలేదు. వదిలేశాను. గోడ మీది కాగితం చించేశాను. రేపటి నుంచి పది లెక్కలు. అవి ఎప్పుడైతే అప్పుడే లేవడం.

మే 3

భాగహారం. ఎంత చెప్పినా సుబ్బుకు ఎక్కలేదు. చెంప మీద కొట్టాను. వాడు ఏడవలేదు, తల దించుకున్నాడు. లక్ష్మి అంది — "నోటితో చెప్తే అన్నకు రాదమ్మా. ఏమన్నా చూపించి చెప్పు." నాకు సిగ్గేసింది.

మే 4

రాళ్లు కొట్టే మస్తానన్నను బతిమాలాను, పిల్లలకు బండల కొలత చూపించమని. "నాకు చదువు యాడిదమ్మా?" అంటూనే వచ్చాడు. కొలబద్దతో గది కొలిచి, ఎన్ని బండలు పడతాయో నోటితోనే చెప్పేశాడు. సుబ్బు నోరు తెరిచాడు. తనే బండలు పరిచి, వరసకు ఇన్ని అని పంచి, మధ్యాహ్నానికి భాగహారం పట్టేశాడు! నాకన్నా మస్తానన్నే మంచి పంతులు.

అతని కూతురు జమీలా వెంట వచ్చి వాకిట్లోనే నిలబడింది. లక్ష్మి ఈడుదే. చెయ్యి పట్టి లోపలికి తెచ్చాను. నాలుగో రాయి కావాలి.

మే 19

అత్త కథలో రాజు రోజూ సంగటే తింటున్నాడు. "రాజుకు వరన్నం లేదా అవ్వా?" అని చిన్నోడు. "కరువు రా నాయనా, రాజుకు మాత్రం యాడ్నుంచొస్తాది?"

జూన్ 6

జమీలా తన పేరు తను రాసుకుంది. చెరపనివ్వదు.

జూన్ 21

సుబ్బును బడికి తీసుకెళ్లాం. లక్ష్మి ఊరికే వస్తానంది. హెడ్మాస్టరు భాగహారం అడిగారు. వాడు కళ్లు మూసుకుని, వేళ్లతో గాలిలో బండలు పరిచి — చెప్పేశాడు! పద్యం దగ్గర తడబడ్డాడు. వెనక నుంచి లక్ష్మి అందించింది.

ఆయన కళ్లద్దాలు తీశారు. "ఎవరీ పాప? ఇట్లా రామ్మా."

నాలుగు లెక్కలు ఇచ్చారు. నాలుగూ చేసింది.

"పిల్లోణ్ణి చేర్చుకుంటా. పాపనూ చేర్చుకుందును, ఇంతమంది మొగపిల్లోల్లలో ఒక్కతే ఎట్ల కూచుంటాది? ఇంకో ఆడపిల్లను తోడు తీసుకురాండి, ఇద్దరినీ చేర్చుకుంటా. శుక్రవారం దాకా పేర్లు రాసుకుంటాండా."

దారిలో లక్ష్మి ఒక్కటే అడిగింది — "జమీలా వస్తాదా అమ్మా?"

జూన్ 22

అత్త తిడుతుందనుకున్నాను. గనిలో ఆడవాళ్లందరి దగ్గరా చెప్పుకొని వచ్చింది — "మా లక్ష్మికి పంతులు కళ్లద్దాలు తీసినాడంట!"

జూన్ 23

మస్తానన్న ఇంటికి వెళ్లాను. జమీలాను పంపించమని అడిగాను. అతనికి ఇష్టమే. "దాని అమ్మ ఒప్పుకోవల్ల కదమ్మా. శానా దూరం." ఆమె తలుపు పక్క నుంచి అంతా విన్నది. నేను వచ్చేటప్పుడు నా చేతిలో బెల్లం ముక్క పెట్టింది. ఔననా, కాదనా?

జూన్ 24, గురువారం

కబురు లేదు. సుబ్బు బడికి వెళ్లాడు. జమీలా ఎప్పటిలాగే వచ్చింది, తల నిండా నూనె. నేను అడగలేదు. తనే లక్ష్మితో అంటోంది — "మా అమ్మ పొద్దున్నుంచి నాయన్ను అడుగుతాండాది. బడి దావలో వంకలెన్ని, నీళ్లు యాడ దొరుకుతాయి, నీడ యాడుండాది అని."

"ఏం చెప్పినాడు?"

"ఇంకా చెప్తానే ఉండాడు."

పొయ్యి మీద సంగటి మాడు వాసన. లేవబుద్ధి కాలేదు, వింటూ కూర్చున్నాను.