వదిన కంప్యూటర్‌కి కొత్త సిస్టమ్

మరిదిగారూ,

పాలు కాచి పొయ్యి మీదే ఉంచాను, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. నా కంప్యూటర్‌ని మాత్రం మళ్ళీ ముట్టుకోకండి. "కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తే గుర్రంలా పరిగెడుతుంది వదినా" అన్నారు కదా! పొద్దున ఆన్ చేసి, తలస్నానం చేసి, జడ వేసుకుని వచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. తీరా తెరుచుకున్నాక ప్రింటర్‌ని గుర్తుపట్టలేదు. లోపల మెమరీ అదే పాతది, పైన బరువు కొత్తది. ఈమాత్రం తెలియని చదువు ఏం చదువండీ? నేను టైపు చేసిన పిల్లల పుస్తకం ఇవాళ ఇవ్వకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. అందుకే పెన్‌డ్రైవ్ పట్టుకుని ప్రెస్సుకి పోతున్నా. పరిగెడుతున్నది నేను, అది కాదు.

పని ఎందుకు ఆగిందని అడిగితే మీ అన్నయ్యతో కరెంటు పోయిందనే చెప్పాను, మీ పేరు ఎత్తలేదు. ఈ ఇంట్లో మిమ్మల్ని తిట్టే హక్కు నాకొక్కదానికే ఉంది.