మిగిలిన ఎనిమిది మాత్రలు

సోమవారం

ప్రియమైన టమాటాకి,

ఎలా ఉన్నావే? ఫోన్ చేస్తే "అక్కా, స్టాండులో ఉన్నా, బస్సు తీయాలి" అని టక్కున పెట్టేస్తావు. అందుకే షాపు కంప్యూటర్లో ఉత్తరం కొడుతున్నా. ఉత్తరం నా మాట మధ్యలో తెంపలేదు కదా. తప్పులుంటే సర్దుకో. కౌంటర్ దగ్గర ఒకావిడ రెండు లైనింగు ముక్కలు పట్టుకుని ఏది తీసుకోవాలో తెలీక పావుగంట నుంచి నిలబడింది. ఆవిడ తేల్చుకునేలోగా నీకు నా రామాయణమంతా చెప్పేయొచ్చు.

పోయిన వారం కొత్త గుడ్డల బేలు విప్పుతూ దాని స్టీలు పట్టీతో కుడి బొటనవేలు కోసుకున్నా. చిన్న గాటే కదాని గుడ్డపీలిక చుట్టి ఊరుకున్నా. రెండోరోజుకి వేలు వంకాయంత అయ్యింది. కత్తెర పట్టుకుంటే కళ్లల్లో నీళ్లు. మన దుకాణం నడిచేదే ఆ వేలి మీద కదా, భయమేసి డాక్టరు దగ్గరికి పరిగెత్తా. "ఏదైనా మందు పడదా మీకు?" అన్నాడు. "బద్ధకం తప్ప అన్నీ పడతాయి" అన్నా. నవ్వి యాంటిబయాటిక్ రాసిచ్చాడు, పూటకొకటి, రోజుకి రెండు, ఏడు రోజులు.

మందు మాత్రం మందేనే! మూడు రోజుల్లో వాపు పోయింది, నొప్పి పోయింది. కాకపోతే అది వేసుకున్న దగ్గర్నుంచి కడుపులో తిప్పుడు, రెండు పూటలా విరేచనాలు. వేలు బాగయ్యాక ఇంకా ఎందుకు మింగాలి చెప్పు? ఆపేశా. ఎనిమిది మాత్రలు మిగిలాయి. నువ్వేమో పదిరోజుల్నుంచి గొంతు నొప్పి, దగ్గు అని మూలుగుతున్నావు, డాక్టరు దగ్గరికి వెళ్లడానికి సెలవు దొరకట్లేదంటున్నావు. తానులో మిగిలిన ముక్కని పారేస్తే మన షాపే లేదు. అంగుళం ముక్క కూడా ఎవరికో ఒకరికి సరిపోతుంది. మాత్రైనా అంతే కదా!

నీ డ్రైవరు సీటు దిండుకి నీలం గళ్ల ముక్క పంపుతున్నా, దాని మడతలో మాత్రలు పెట్టా. ఖాళీ గళ్లతో పంపితే ఎంగిలిది పంపిందంటావని స్ట్రిప్పులు రెండూ అంచులు తీసేసి నీటుగా కత్తిరించా. పొద్దునొకటి, సాయంత్రం ఒకటి. తగ్గగానే ఆపెయ్.

ఆవిడ రెండూ వద్దంది. పచ్చది చూపించమంటోంది. ఉంటానే.

కత్తెర మళ్లీ చేతికొచ్చిన సంతోషంలో,
నీ అక్క

*

గురువారం

ప్రియమైన కత్తెరక్కకి,

పార్శిల్ అందింది. గళ్ల ముక్క ఎంత బాగుందో! మా కండక్టరమ్మ చూసి "మీ అక్క నాకూ అక్కే, అడ్రసు ఇవ్వు" అంటోంది. ఇవ్వను. నాకే చాలడం లేదు నువ్వు.

గొంతు అలాగే ఉంది. "తర్వాతి స్టాపు" అని నేను అరిస్తే ప్యాసింజర్లు బ్రేకు చప్పుడనుకుంటున్నారు. మీ మరిదిగారు మాత్రం ఇల్లు ప్రశాంతంగా ఉందని మురిసిపోతున్నారు. సెలవు అడిగితే డిపో మేనేజరు నా మొహం చూసి, గోడ మీద చార్టు చూసి, మళ్లీ నా మొహం చూసి నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పే సమాధానం. అందుకని నీ మాత్రే దిక్కు. రేపు పొద్దున డ్యూటీ ఎక్కే ముందు ఒకటి వేసుకుంటా.

అవునూ, దీని పేరేంటే? ఎంత నీటుగా కత్తిరించావంటే వెనకాల మూడు అక్షరాలే మిగిలాయి. ఇంకోటి, ఆయన ఏడు రోజులు వాడమంటే నువ్వు మూడు రోజులకే ఆపావేంటి? బస్సు చివరి స్టాపుకి వెళ్లకుండా మధ్యలో దిగిపోయినట్టుంది. చెయ్యి జాగ్రత్త.

బ్రేకు గొంతుతో,
నీ టమాటా

*

బుధవారం

ప్రియమైన టమాటాకి,

ఆరు రోజులైంది నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. ఫోను తీయవు. మరిదిగారు తీసి "పడుకుంది వదినా, గొంతు పోయింది, తర్వాత చేయిస్తా" అన్నారు. ఆయన గొంతేంటి అలా ఉంది? ఏమైనా గొడవ పడ్డారా?

నా వేలు భేష్.

షాపు రెండ్రోజులు మూశా. సరుకు సర్దుకోవాలి కదా. ఉత్తరం చిన్నదైందని అనుకోకు. పని ఎక్కువ.

మాత్ర పేరు చీటీలో చూసి చెప్తా. చీటీ ఎక్కడ పెట్టానో. పని చేసిందా లేదా?

అక్క

*

శనివారం

ప్రియమైన అక్కకి,

కంగారు పడకు. మాత్ర బ్రహ్మాండంగా పని చేసింది. ఒక్కటి వేసుకున్నానో లేదో ప్రభావం కనిపించింది! గొంతు కొంచెం బాగుంది. మా బస్సు మరమ్మతుకి వెళ్లింది, అందుకని నాకూ వారం సెలవు దొరికింది. ఇంట్లో కాళ్లు బారజాపుకుని కూర్చున్నా. మీ మరిదిగారితో గొడవేం లేదు. ఆయన ఇల్లు ఊడుస్తున్నాడు, నేను పర్యవేక్షిస్తున్నా.

ఏంటి, షాపు మూశావా? నాన్న పోయిన మూడోరోజే షట్టరు ఎత్తిన మనిషివి నువ్వు. సరుకు సర్దడానికి మూశావంటే నేను నమ్మాలా? అయినా నువ్వు "వేలు భేష్" అని రెండు మాటల్లో ఎప్పుడు చెప్పావు? రెండు మాటల్లో నీకు తుమ్ము కూడా రాదు.

ఒకటి అడుగుతా, ఊరికేలే. చిన్నప్పుడు నాకేదైనా మందు పడలేదా? అమ్మ నీతో ఎప్పుడైనా అన్నట్టు గుర్తుందా?

ప్రేమతో,
టమాటా

*

మంగళవారం

ప్రియమైన నా టమాటాకి,

ఎడమచేత్తో, ఒక్క వేలితో కొడుతున్నా. పోయిన ఉత్తరమూ అలా కొట్టిందే. నీ దగ్గర నేను దాచగలనా? రెండు మాటల్లో దొరికిపోయా.

వేలు భేష్ కాదే. నీకు పార్శిల్ వేసిన వారానికి మళ్లీ పొంగింది. ఈసారి అరచేతి దాకా, ఎర్రగా, వేడిగా, జ్వరంతో వణుకు. షాపులో కళ్లు తిరిగి తానుల మీద పడిపోతే పక్క షాపు తాళాల బాబాయి ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. వేలు కోసి చీము తీశారు, గోరు తీసేశారు. వేలు దక్కింది. ఇంకో రెండ్రోజులు ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. నా కుడి బొటనవేలు! అది లేకపోతే కత్తెర పట్టుకునేదెలా, గుడ్డ నాడి చూసేదెలా? ఆ మంచం మీద పడుకుని అదే ఆలోచించా.

పాత డాక్టరు వచ్చి "మిగతా నాలుగు రోజుల మాత్రలేవమ్మా?" అన్నాడు. గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకున్నా. కడుపు తిప్పిందన్నా. "ఆ మాట నాతో అంటే తిన్నాక వేసుకోమనేవాణ్ణి, కాకపోతే మందే మార్చేవాణ్ణి. ఆపాలో వద్దో మీరెందుకు తేల్చుకున్నారు?" అన్నాడు. కోప్పడలేదే, అదే ఇంకా బాధేసింది. నొప్పి తగ్గడం వేరు, రోగం పోవడం వేరట. పైన వాపు పోయింది గానీ లోపల సూక్ష్మజీవులు కొన్ని ఉండిపోయాయట, వాటికి నేనే సందిచ్చా. ఇప్పుడు చీముని పరీక్షకి పంపి, దానికి తగ్గ వేరే మందిచ్చారు. రెండు వారాలు. ఈసారి గోడ మీద గళ్లు గీసి, వేసుకున్న ప్రతిదానికీ చాక్‌పీసుతో టిక్కు పెడుతున్నా.

నీకెందుకు చెప్పలేదంటే, ఉన్న సెలవు కూడా లేనిదానివి, పరిగెత్తుకొస్తావని.

ఇక నీ సంగతి. నువ్వు ఊరికే అడిగే రకం కాదు. పెద్దమ్మకి ఫోన్ చేశా. నా ప్రశ్న వినగానే ముసల్ది నవ్వడం మొదలుపెట్టింది. "దానికి టమాటా అని పేరెందుకొచ్చిందనుకున్నావే?"

బుగ్గలకని కదా మనం అనుకున్నది! కాదట. నీకు మూడేళ్లప్పుడు చెవిపోటొస్తే పెన్సిలిన్ మందు పట్టారట. గంట తిరక్కుండా ఒళ్లంతా దద్దుర్లు, కళ్లు మూసుకుపోయి, మొహం ఉబ్బి ఎర్రగా అయ్యావట. అమ్మ నిన్ను చంకనేసుకుని చెప్పుల్లేకుండా పరిగెత్తిందట. నేను బళ్లో ఉన్నా, నాకు తెలీదు. నువ్వు తేరుకున్నాక డాక్టరు "మీ టమాటాని మళ్లీ ఈ మందు జోలికి పోనివ్వకండి" అని చీటీ రాసిచ్చాడట. ఇల్లు మారినప్పుడు చీటీ పోయింది. పేరు మిగిలింది. ముప్పై ఐదేళ్లుగా ఆ హెచ్చరికతోనే నిన్ను ముద్దుగా పిలుస్తున్నాం, ఒక్కళ్లకీ గుర్తులేదు.

పెద్దమ్మ ఫోన్ పెట్టేశాక నా పాత చీటీ వెతికి తీశా. మందుల షాపులో చూపించా. నేను నీకు పంపింది ఆ జాతి మందేనట.

టమాటా, ఆ డాక్టరు నన్ను అడిగిన ఒక్క ప్రశ్న నేను నిన్ను అడగలేదే. నీకు మాత్రలు పంపా, ప్రశ్న పంపలేదు. నిజం చెప్పు. ఏమైంది? "ప్రభావం కనిపించింది" అంటే ఏంటి? ఫోన్లో వద్దు, ఏడుపొస్తే ఇద్దరం ఏం మాట్లాడుకోలేం. రాయి.

ఎడమచేత్తో,
నీ అక్క

*

గురువారం

నా పిచ్చి అక్కకి,

ముందు కళ్లు తుడుచుకో. నేను బాగున్నాను. ఇప్పుడు చదువు.

బస్సు మరమ్మతుకి వెళ్లలేదు. నేనే వెళ్లా.

ఆ శుక్రవారం పొద్దున డిపోలో నీళ్లతో మాత్ర మింగి బస్సెక్కా. బయలుదేరడానికి ఇంకా టైముంది, అప్పటికే సగం సీట్లు నిండాయి. ముందు అరచేతులు దురద. తర్వాత మెడ. అద్దం సర్దుకుంటుంటే అందులో ఎవరో కనిపించారు, పెదాలు ఇంతింత లావు. కండక్టరమ్మ టికెట్లు ఆపి నా మొహం చూసి, "ఏం తిన్నావే?" అని అరిచింది. నాకు మాట రాలేదు, ఊపిరి గొట్టంలో ఎవరో గుడ్డ కుక్కినట్టుంది. ఆ మహాతల్లి తాళం లాగేసి, నా జేబులోంచి స్ట్రిప్పు పట్టుకుని, ఇద్దరు మెకానిక్కుల్ని పిలిచి డిపో జీపులో ఎక్కించింది. ఆసుపత్రిలో తొడకి ఇంజక్షన్ ఇచ్చారు. కాసేపటికి ఊపిరి ఆడింది. మళ్లీ తిరగబెట్టొచ్చని ఒక రోజంతా కదలనివ్వలేదు.

ఇంకో పది నిమిషాలైతే స్టీరింగ్ మీద ఉండేదాన్ని అక్కా. వెనకాల నలభై మంది. నాకు రోజూ గుర్తొచ్చేది ఊపిరాడకపోవడం కాదు, అది.

అక్కడి డాక్టరమ్మ "ఏం మందిది?" అంటే చెప్పడానికి పేరు లేదు. నీ నీటైన కత్తిరింపు! మాత్ర మీద ముద్ర చూసి ఆసుపత్రి మందులాయన కనిపెట్టాడు. ఈ మాట నీకు చెప్పకూడదనే ఉత్తరంలో అబద్ధాలాడా. మీ మరిదిగారి చేత కూడా ఆడించా, పాపం ఆయనకి చేతకాదు.

మొత్తం నీ నెత్తిన వేసుకోకు. మా డిపో గేటు పక్కనే మందుల షాపుంది. ఆ మూడు అక్షరాలు చూపించి "ఇదేంటండీ" అని అడిగుంటే సరిపోయేది. వేరొకరి చీటీ మాత్ర నేనెందుకు మింగాను? నవ్వొచ్చే సంగతేంటంటే, నా గొంతుకి ఆ మందు అక్కర్లేదట. వైరస్ దగ్గట, దానికి యాంటిబయాటిక్ పని చెయ్యదట. గోరువెచ్చని నీళ్లు, విశ్రాంతి చాలన్నారు. విశ్రాంతి దొరికాక నిజంగానే తగ్గింది. అంటే ఏంటి? నీకు కావాల్సిన మందు నువ్వు మానేసి, అక్కర్లేని నాకు పంపావు. మన ప్రేమకి ఇద్దరం ఆసుపత్రి పాలయ్యాం.

నీ ఉత్తరం డాక్టరమ్మకి చదివి వినిపించా, టమాటా కథ దగ్గర ఆవిడ కళ్లజోడు తీసి మరీ నవ్వింది. తర్వాత సీరియస్‌గా ఫైలు మీద ఎర్రసిరాతో రాసింది. కొన్నాళ్లాగి ఎలర్జీ డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకోమంది. అప్పటిదాకా ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ముందు ఆ మాటే చెప్పాలంది. మిగిలిన ఏడు మాత్రలు మందుల షాపాయనకి ఇచ్చేశా. పాత మందులు తీసుకుని వాళ్లే సరిగ్గా పారేస్తారట. ఆ ముక్కలు ఎవరికీ సరిపోవక్కా.

డిపో మేనేజరు స్వయంగా వచ్చి రెండు వారాలు సెలవిచ్చాడు. ఈసారి నిట్టూర్చలేదు. సోమవారం డ్యూటీ ఎక్కుతున్నా. గళ్ల దిండు కుట్టేశా. కండక్టరమ్మ అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి నా సీటు ముందు తగిలించింది: "ఈ డ్రైవరుకి పెన్సిలిన్ పడదు." ఇప్పుడు ప్యాసింజర్లందరికీ తెలుసు. దాని కింద నేనొక టమాటా బొమ్మ గీశా. అమ్మ చీటీ మళ్లీ దొరికినట్టుంది.

నీ రెండు వారాల్లో ఇంకా నాలుగు రోజులున్నాయి. లెక్క నా దగ్గరుంది. మాత్ర వేసుకున్న ప్రతిసారీ గోడ మీద టిక్కు ఫోటో తీసి పంపు. కడుపు తిప్పితే డాక్టర్ని అడుగు, నన్ను కాదు. వేలు బాగుందనిపించినా సరే, చివరి స్టాపుకి ముందు దిగావో, బస్సేసుకుని వచ్చేస్తా.

ఈసారి ముక్క మిగల్చకు.

నీ చేతికి ముద్దులతో,
నీ టమాటా