బాదం మొద్దులో బంతి మొక్కలు

నాన్నా,

నీ ఏడాది కార్యం అయి వారమైంది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు, కానీ నేను చేసిన పనొకటి నీకు చెప్పాలి.

తుఫానుకి విరిగిన బాదం చెట్టు మొద్దు మీద కూర్చునే కదా, స్టీల్ ప్లాంటు నుంచి వచ్చి నువ్వు బూట్లు విప్పేవాడివి. నువ్వు పోయాక అమ్మ అక్కడ కూర్చోవడం మొదలుపెట్టింది. రోజూ మధ్యాహ్నం, షిఫ్టు బస్సు వచ్చే వేళకి, గేటు వైపు తిరిగి. ఏడవదు. పిలిచినా పలకదు. చూసి చూసి నేను అలసిపోయాను.

అందుకే నీ ఉలి, సుత్తి తీసి ఆ మొద్దును తొలిచాను. మూడు రోజులు పట్టింది. అరచేతులు బొబ్బలెక్కాయి. నీళ్లు పోవడానికి పక్కన కన్నం పెట్టి, మట్టి నింపి, ఇవాళ బంతి మొక్కలు నాటాను. ఇంటి ముందు అందంగా ఉంటుందని అమ్మకి చెప్పాను. నిజానికి ఆమె అక్కడ కూర్చోకూడదనే నా ఉద్దేశం.

అమ్మ వచ్చి చుట్టూ తిరిగి చూసింది.

"డిగ్రీ సదివి తోట పనికి దిగినావేటే?" అంది. ఓ మొక్క వంగి ఉంటే సరిచేసింది. "బాగానే ఉందిలే. మరి మీ నాన్నొస్తే ఎక్కడ కూకుంటారే?"

నేను లోపలికెళ్లి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, మొక్కల పక్కన గేటు వైపు తిప్పి వేశాను.

అమ్మ అందులో కూర్చోలేదు. వెళ్లి మెట్టు మీద కూర్చుంది.