వాషింగ్టన్‌లో నా విందు బహిష్కరణ

అక్టోబరు 1, 1945. సోమవారం.

తప్పు మీదే. అవును, ఇది చదువుతున్న మీదే. యుద్ధం అయ్యాక అమెరికా నుంచి దేశం పేరుమీద అప్పు తెస్తుంటే షరతులేమిటని ఒక్కరూ అడగరు. దొరికిందనగానే చప్పట్లు కొడతారు. పత్రికల్లో ప్రభుత్వాలను తిట్టే నన్ను బ్రిటిష్ బృందంలో సలహాదారుగా పంపారు, నోరు మూయిద్దామనే కాబోలు. మూయను.

నా పోరాటం ఒక్క షరతు మీద. అప్పు మొదలైన ఏడాది తిరిగేసరికి, పౌండు తెచ్చినవాడికల్లా అడిగిన వెంటనే డాలర్లు ఇవ్వాలట. యుద్ధంలో మాకు సరుకులిచ్చి పౌండ్లు పుచ్చుకున్న దేశాలన్నీ వాటితో వరస కడతాయి. గోధుమలు కొనాల్సిన డాలర్లు కరిగిపోతాయి. మా ఇళ్లలో రొట్టె ఉండదు. ఆ గడువు రాయనివ్వను.

తీర్మానం: ఇంటి దగ్గర ఎంత రేషనో ఇక్కడా అంతే తింటాను. అమెరికా విందులు బంద్.

1.00: గుడ్డు, ఒకటి. ఈ వారానికి అంతే. ఒళ్లు తేలిగ్గా ఉంది!

అక్టోబరు 3.

అమెరికా అధికారి లాత్రప్ భోజనానికి పిలిచాడు. పరిచయమై రెండు రోజులు కాలేదు, అప్పుడే నన్ను పేరు పెట్టి సిరిల్ అంటున్నాడు. రానని చెప్పి, ఎందుకు రానో ఇరవై నిమిషాలు వివరించాను. మా టైపిస్టు మిస్ గార్‌సైడ్ రెండుసార్లు గడియారం చూసుకుంది.

అక్టోబరు 9.

10.00: గడువు మీద గంటన్నర వాదించాను. ఎవరూ మారు మాట్లాడలేదు. గెలిచాను!

3.00: ఓడిపోయాను. మిస్ గార్‌సైడ్ టైపు చేస్తున్న చిత్తుప్రతిలో "ఏడాది" అనే ఉంది. ఎప్పుడు ఒప్పుకున్నారని అడిగాను.

"పొద్దున మాట్లాడేదంతా మినిట్స్‌లో రాసుకోవడానికే సార్. అసలు బేరం భోజనాల దగ్గర. మీరేమో గదిలో కూర్చుని బిస్కెట్టు నములుతున్నారాయె."

అక్టోబరు 10.

సవరణ: దేశం కోసం విందుకు వెళ్లవచ్చు. సూప్ మాత్రమే.

1.00: సూప్.
1.20: చేప. అది మాంసం కిందికి రాదు.
1.40: మాంసం. వారం రేషనుకి మించిన ముక్క. వదిలేస్తే వండినవాడి శ్రమను అవమానించినట్టే.

సరిగ్గా అప్పుడే లాత్రప్ నావైపు తిరిగి, ఏడాది గడువుకి అభ్యంతరమేమైనా ఉందా అన్నాడు. నోటినిండా మాంసం. మింగేసరికి కాగితం మీద టిక్కు పెట్టేసి చేపల వేట కబుర్లు మొదలుపెట్టాడు.

2.10: ఐస్‌క్రీమ్. రెండుసార్లు. బాధలో.

4.00: మిస్ గార్‌సైడ్‌కి అన్నీ తెలిసిపోయాయి.

"ఇంటి దగ్గర లీడ్స్‌లో మా అమ్మ సాసేజీల కోసం గంటసేపు నిలబడుతుంది సార్. మీరు తిన్నారని ఏమీ అనుకోదు. మాట్లాడాల్సిన చోట మాట్లాడలేదంటే మాత్రం ఊరుకోదు."

ఆమె టైపు మిషన్‌లో కొత్త కాగితం ఎక్కించాను. నేను!

అక్టోబరు 11.

తీర్మానం ఈ రోజు నుంచి మళ్లీ మొదలు. సంతకాలింకా కాలేదు. నా షరతులు ఆమె టైపు చేసింది, పదింటికి సమావేశంలో బల్లమీద పెడతాను:

1. ఏడాది గడువు కొట్టేయాలి.
2. కొట్టేయకపోతే, డాలర్లు కరిగిపోతున్నప్పుడు ఇవ్వడం ఆపే హక్కు మాకుండాలి.
3. నిన్నటి టిక్కు చెల్లదు.
4. ఆకలితో వచ్చినవాడికి ముందు కడుపునిండా పెట్టాలి. పళ్లేలు తీసేశాకే కాగితం తేవాలి.