రెండు రేషన్ కార్డులు

సుగుణా,

ఆ రోజు నీతో నిజం రాయించడం నా తప్పేనా? ఆరేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

మా సోషల్ వర్క్ కాలేజీలో స్కాలర్‌షిప్ ఫారం పట్టుకొని నా బల్ల ముందు నిలబడ్డావు.

"ఏ రాష్ట్రమని రాయాలె మేడం? మహారాష్ట్ర సరిహద్దు మీద మా జివతి గుట్టల ఊరు తమదేనని రెండు దిక్కుల సర్కార్లూ అంటయ్. ఇంటికి రెండు రేషన్ కార్డులు. రెండు దిక్కులా ఓట్లేస్తం, ఒక్క దిక్కు నుంచీ డాక్టరు రాడు" అని నవ్వావు.

వివరాలు సరిచూశానని కింద సంతకం చేయాల్సింది నేను. నవ్వలేదు. "రేపు జనంలో పనిచేసేదానివి, ఉన్నదున్నట్టు రెండూ రాయి" అన్నాను.

రెండు రాష్ట్రాల మనిషివని ఫారం తిప్పి పంపారు. హాస్టల్ ఖాళీ చేసి ఖమ్మం మిరపతోటలకు కూలికి పోయావు. అక్కడే కామెర్లతో చనిపోయావని వానలు పడ్డాక తెలిసింది.

ఇవాళ మీ చెల్లె గంగ అదే ఫారంతో వచ్చింది. నీలాగే పెన్ను మూత కొరుకుతుంది.

"మహారాష్ట్ర అని ఒక్కటే రాయి. రెండో కార్డు ముచ్చట ఎత్తకు" అన్నాను.

"అక్కకు గూడ గిట్లనే చెప్పిన్రా మేడం?"

"లేదు."

"చెప్పుంటే బాగుండె" అని, నేను చెప్పినట్టే రాసింది. కింద సంతకం చేశాను.

ఆ రోజు నీతో రెండూ రాయించింది నా నిజాయితీయో, తప్పుడు ఫారం మీద సంతకం పెడితే ఉద్యోగం పోతుందన్న భయమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.