మిల్లు బట్ట

బోధన్ తాలూకా,
జనవరి 1968.

ఖండసారి చక్కెర మిల్లు మేనేజరు గారికి,

చొక్కా జేబు మీద గుడ్డపేలిక కుట్టుకున్నానని మీ మేస్త్రీ నన్ను పొద్దున గేటు దగ్గరే ఆపాడు. "మిల్లు ఇచ్చిన బట్ట తప్ప ఇంకేం ఉండొద్దని సాబ్ చెప్పిండు. గా పేలిక తీస్తవా, ఇంటికి పోతవా?" అన్నాడు. ఇంటికే వచ్చేశాను.

సిపాయిల జెండా రోజున చందా తీసుకుని మా జేబులకు కాగితం జెండాలు గుచ్చింది మీరే. అప్పుడీ రూలు ఏమైంది?

ఆశన్న చెరుకు రోలర్లలో పడి చచ్చిపోయిన నాడు మీరు మిల్లును ఒక్క పూటైనా ఆపలేదు. అతని యాదికే ఈ పేలిక కుట్టుకున్నాను. ఇది మిల్లు ఇచ్చిన బట్టే. రోలర్లు నమలకుండా వదిలేసిన అతని చొక్కా చేతి గుడ్డలోంచి అతన్ని కన్న అవ్వ కత్తిరించి ఇచ్చింది.

రేపు కూడా ఇదే చొక్కాతో వస్తాను. తీయాలంటే మేస్త్రీని పంపకండి. మీరే వచ్చి కుట్లు విప్పండి.

ఇట్లు,
ఆశన్న పక్కన నిలబడి చెరుకు అందించినవాడు